పోయింది ఏకాగ్రత కాదు

యాభై దాటిన మిత్రుల నోట ఈమధ్య తరచుగా వినవస్తున్న మాట: "ఇదివరకటిలా నవల చదవలేకపోతున్నాను, పది పేజీలకే మనసు జారిపోతోంది." కొందరు దీన్ని వయసుకు అంటగడతారు. నేను వైద్యుణ్ణన్న చనువుతో, మెదడుకు స్కాన్ తీయించుకోవాలా అని అడిగేవారూ ఉన్నారు. నిద్రలేమి, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. అవి ఉంటే చూపించుకోవలసిందే. కానీ ఇలా వాపోయేవారిలో చాలామంది ఆ రోజే ఆఫీసులో యాభై పేజీల ఒప్పందపత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి వచ్చినవారు. రాత్రి డ్యూటీలో అలసిన వైద్యుడు సైతం రోగి కేస్‌షీటును మొదటినుంచి చివరిదాకా చదువుతాడు. ఆ మెదడుకు ఏమైందని స్కాన్? సన్నగిల్లింది, ఏ ప్రయోజనమూ లేకుండా ఒక పుస్తకం ముందు కూర్చునే ధైర్యం.

నేరం ఫోను మీద మోపి ఊరుకోవడం సులువు. అందులో నిజమూ ఉంది. సమాచారం పెరిగేకొద్దీ అవధానం కరువవుతుందని హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. 2010లో నికొలస్ కార్ 'ది షాలోస్' అని ఒక పుస్తకమే రాశాడు. అయితే పుస్తకప్రియులమైన మనం ఆ వ్యాపారానికి అందించిన సహకారం మాటేమిటి? ఏడాదికి వంద పుస్తకాలంటూ పందాలు, చదివినవాటి జాబితాల ప్రదర్శన, పదిహేను నిమిషాల్లో నవలాసారాంశాలు, ఒకటిన్నర రెట్ల వేగంతో శ్రవ్యపుస్తకాలు. చూపు తగ్గినవారికి, పొద్దస్తమానం బండి నడిపేవారికి శ్రవ్యపుస్తకం వరమే. నా తగవు ఆ వేగంతో.

నేనుండే అల్ షహానియా ఖతార్‌లో ఒంటెల పందాలకు పేరుపడిన ఊరు. పూర్వం వాటిపై పసిపిల్లలను ఎక్కించేవారు. ఆ అమానుషాన్ని నిషేధించాక, సుమారు రెండు దశాబ్దాలుగా చిన్న చిన్న యంత్రాలు స్వారీ చేస్తున్నాయి. బరి వెంట కార్లలో సాగుతూ యజమానులు మీట నొక్కితే, ఒంటె మూపున ఉన్న యంత్రం కొరడా ఝళిపిస్తుంది. పిల్లలు బతికిపోయారు, సంతోషం. చదువరి మూపున మాత్రం అలాంటి యంత్రాన్ని ఎవరు ఎక్కించారు? పేజీ తిప్పగానే 'ఎంత శాతమైంది?' అని ఒక దెబ్బ. అధ్యాయం ముగియకముందే 'దీని గురించి ఏం రాయాలి?' అని మరొకటి. ఈ రెండో దెబ్బ రుచి సమీక్షకులకు బాగా తెలుసు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తీసుకోండి. వైద్యం చదివిన దయానిధి కథను పది వాక్యాల్లో చెప్పేయవచ్చు. చెప్పాక చేతిలో ఏమీ ఉండదు. ఆ నవల ఉన్నదంతా అతని తటపటాయింపుల్లో, ఒక ఆలోచన మరో ఆలోచనలోకి ఒరిగే తీరులో. విశ్వనాథ 'వేయిపడగలు' చదివానంటే 'ఎన్ని రోజుల్లో ముగించారు?' అని అడుగుతారు, కచేరీ ఎన్ని నిమిషాల్లో అయిందని అడిగినట్టు. (ఆయన దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రతీతి. ఆ తొందర రచయితది, మనకెందుకు?) వారపత్రికల సీరియళ్ళూ ముక్కలుగానే చదివాం కదా అనేవారున్నారు. నిజమే, కానీ ముక్కకూ ముక్కకూ మధ్య వారం రోజులు కథ మనసులో నానేది. ఇప్పుడు తరువాతి ముక్క రావడానికి వేలు కదిలిస్తే చాలు.

ఈ చలికాలం ఒక పెద్ద నవల మొదలుపెట్టండి. ఏ జాబితాలోనూ చేర్చకండి. నచ్చిన అధ్యాయాన్ని మళ్ళీ చదవండి, సగంలో వదిలేయాలనిపిస్తే వదిలేయండి. సమీక్ష రాసిమ్మని ఎవరైనా అడిగితే, చదవలేదని చెప్పండి.