సముద్రపు నీళ్ళు ఎవరి దాహం తీర్చాలి?

సముద్రపు నీటిని మంచినీరుగా మారిస్తే దేశానికి ఇక నీటి కరువే ఉండదని కొందరు పెద్దలు చెబుతున్నారు. వినడానికి బాగానే ఉంది. ఆ నీళ్ళు ఎవరి గొంతు తడుపుతాయో, ఎవరి పొలానికి అందవో రైతులూ, కూలీలూ లెక్కగట్టి చూసుకోవాలి.

ఎంతో దూరం పోనక్కర్లేదు, చెన్నై ఉంది. మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో 2010లో, నెమ్మేలిలో 2013లో రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున మంచినీరు తీసే ఫ్యాక్టరీలు వచ్చాయి. 2024లో నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్లది ఇంకొకటి మొదలైంది. సముద్రపు నీటిని గట్టి ఒత్తిడితో సన్నని పొరల గుండా తోస్తారు. ఉప్పు ఇవతలే ఆగిపోతుంది, మంచినీరు అవతలికి పోతుంది. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండి, జోలార్‌పేట నుంచి రైళ్ళ మీద నీళ్ళు తెచ్చుకున్నప్పుడు ఈ నీళ్ళు నగరాన్ని కొంత ఆదుకున్నాయి. కనుక యంత్రం మీద మనకు కోపం లేదు.

అయితే దీనితో పంటలు పండుతాయా? వెయ్యి లీటర్లు తీయడానికి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి. ఎకరం వరికి నాలుగడుగుల నీరు వేసుకుంటే సుమారు 49 లక్షల లీటర్లు. అంటే ఎకరానికి, ఒక్క పంటకే 15 వేల నుంచి 20 వేల యూనిట్లు! మీంజూరు నీళ్ళను 25 ఏళ్ళ ఒప్పందం మీద ప్రైవేటు కంపెనీ నుంచి మొదట్లో వెయ్యి లీటర్లు సుమారు 48 రూపాయలకు కొన్నారు. ఆ ధర పెడితే ఎకరం తడపడానికే 2 లక్షల 30 వేల రూపాయలు దాటుతుంది. ఏ రైతు తట్టుకుంటాడు? ఏ కూలీకి నాట్ల పని దొరుకుతుంది? ఇళ్ళల్లో ఎక్కువగా సముద్రపు నీళ్ళే వాడే ఇజ్రాయెల్ కూడా పొలాలకు పెద్దఎత్తున శుద్ధి చేసిన మురుగునీటినే పారిస్తోంది.

మరి పల్లెకు మేలెక్కడ? పట్నం సముద్రపు నీళ్ళు తాగితే పల్లె నీళ్ళు పల్లెకు మిగలాలి. అదే అసలు సంగతి. చెన్నై కోసం మీంజూరు చుట్టుపక్కల భూమిలోంచి దశాబ్దాల తరబడి నీళ్ళు తోడారు. తోడగా తోడగా సముద్రం భూమి అడుగున మైళ్ళకొద్దీ లోపలికి వచ్చి బావులు ఉప్పెక్కాయి. అదే ప్రాంతంలో ఇప్పుడు ఉప్పునీటిని మంచినీరు చేసే ఫ్యాక్టరీ! ముందు తియ్యని బావిని ఉప్పు చెయ్యడం, తర్వాత ఉప్పు సముద్రాన్ని తియ్యగా చేసి అమ్మడం, ఇదీ వరస.

1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ ద్వారా చెన్నైకి 12 టీఎంసీల కృష్ణా నీరు పోవాలి. రోజుకు 10 కోట్ల లీటర్ల ఫ్యాక్టరీ ఏడాదంతా ఆగకుండా నడిస్తే వచ్చేది సుమారు 1.3 టీఎంసీ. తాగే నగరానికి అది ఆసరాయే గాని నదికి బదులు కాదు. తాగునీటికి మనం అడ్డం చెప్పం, చెన్నై కూలీ దాహమూ దాహమే. సముద్రం నుంచి తీసే ప్రతి టీఎంసీకీ ఎన్ని పల్లె బోర్లు ఆపారో, ఎంత నది నీరు పొలాలకు వదిలారో ప్రభుత్వాలు లెక్క చెప్పాలి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. రొయ్యల చెరువులతో బావులు ఉప్పెక్కిన మన కోస్తా పల్లెలకు తాగునీరు ముందు ఇవ్వాలి. ఫ్యాక్టరీ తిరిగి సముద్రంలోకి వదిలే చిక్కటి ఉప్పునీటి సంగతి వేటకెళ్ళే మత్స్యకారుల్ని అడక్కుండా తేల్చకూడదు. నీటి ధర కంపెనీ చేతిలో ఉండకూడదు. అన్నిటికంటే ముందు పూడిపోయిన చెరువుల మట్టి తీయాలి. ఆ పని కూలీకి కూడు పెడుతుంది, పొలానికి నీరిస్తుంది.

ఈసారి గ్రామసభలో ఈ లెక్క అడగండి. ఒక్కరుగా అడిగితే వినరు, ఊరంతా కలిసి అడగండి.