టామీ ఏదమ్మా?

కుక్క ఉన్న ఇంట్లో ఫొటోల ఆల్బమ్ ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? పుట్టినరోజు ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే, అదొక్కటే కేకు వైపు చూస్తూ ఉంటుంది. గృహప్రవేశం ఫొటోలో పీటల పక్కనుంచి తోక ఒక్కటే కనిపిస్తుంది. అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో దాని మెడలోనూ ఓ బంతిపూల దండ. తాతగారి షష్టిపూర్తికి వచ్చిన చుట్టాల్లో సగం మంది పేర్లు పిల్లలకు తెలియవు. కుర్చీ కింద పడుకున్న టామీ మాత్రం అందరికీ తెలుసు.

ఆ ఫొటోలన్నీ వరుసగా పెట్టి చూస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. మామూలు సైజు కుక్క బతికేది పది నుంచి పదమూడేళ్లు. పెద్ద జాతులైతే ఇంకా తక్కువ, చిన్న జాతులైతే మరో రెండేళ్లు ఎక్కువ. అంటే పిల్లాడు యూకేజీలో ఉండగా అట్టపెట్టెలో వచ్చిన కూన, వాడు ఇంటర్‌కి వచ్చేసరికి ముసలిదైపోతుంది. వాడికి మీసం మొలిచే వేళకి దాని మూతి నెరుస్తుంది. అందుకే చాలా ఇళ్లల్లో పిల్లలు దగ్గరగా చూసే మొదటి మరణం తాతదో నాన్నమ్మదో కాదు, టామీదే.

ఆ మరణానికి మన దగ్గర ఏ తంతూ లేదు. బారసాల నుంచి సంవత్సరీకం దాకా మనిషికి అన్నీ ఉన్నాయి. కనుమ నాడు పశువులకు పసుపు కుంకుమలు పెడతాం. నేపాల్‌లోనైతే దీపావళి పండుగ రోజుల్లో ఒకరోజు కుక్కలకే కేటాయించి, బొట్టు పెట్టి పూలదండ వేస్తారు. మన ఇళ్లల్లో టామీ పోతే పరామర్శకు ఎవరూ రారు. పక్కింటి నుంచి క్యారేజీ రాదు. ఆఫీసుకు సెలవు పెట్టి కారణం చెబితే నవ్వుతారు. ‘కుక్క పోతే ఇంత ఏడుపా?’ అని ఇంట్లో పెద్దవాళ్లే అనేస్తారు.

అలా అనే పెద్దలకు భారతం తెలియక కాదు. జనమేజయుడు చేస్తున్న యాగం దగ్గరికి ఓ కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తే, రాజుగారి తమ్ముళ్లు తప్పేమీ లేకుండా దాన్ని కొట్టారు. తల్లి సరమ ఏకంగా రాజునే నిలదీసింది. ఆ కథ ఆదిపర్వంలోనే ఉంది. ఇక పద్దెనిమిది పర్వాల్లో పదిహేడోదైన మహాప్రస్థానిక పర్వంలో, భార్యా తమ్ముళ్లూ ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజుకు తోడుగా మిగిలింది ఓ కుక్క. దాన్ని వదిలేస్తేనే స్వర్గమంటే ఆ స్వర్గమే వద్దన్నాడాయన. అలాంటి కథలు విన్న ఇళ్లల్లో టామీ కోసం ఓ గంట ఏడిస్తే తప్పెలా అవుతుంది?

ఏడుపు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ మాట పిల్లలకు ఎలా చెప్పాలన్నది. చాలామంది అసలు చెప్పరు.

మా దూరపు చుట్టాల ఇంట్లో జరిగింది చెబుతాను. అబ్బాయి హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. జనవరి చివర్లో ఇంట్లో కుక్క పోయింది. మార్చిలో పరీక్షలు. ‘ఇప్పుడు చెబితే చదువు పాడవుతుంది’ అని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడ్డారు. ప్రతి ఆదివారం ఫోన్లో వాడు, ‘టామీ ఏం చేస్తోందమ్మా?’ అని అడిగేవాడు. ‘పడుకుంది నాన్నా’ అనేది తల్లి. పరీక్షలయ్యాక ఇంటికొస్తూ బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొచ్చాడు. గేటు తీశాడు. అరుపు లేదు. వాళ్లమ్మ ముఖం చూడగానే వాడికి అర్థమైపోయింది.

వాడు ఏడవలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, ‘రేపు తాతయ్యకి బాగోకపోయినా నాకు ఇలాగే చెబుతారా నాన్నా?’ అని అడిగాడు. పక్క పీట మీద తాతయ్య అన్నం కలుపుతూ ఆగిపోయారు. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు వాడు ఇంజినీరింగ్‌లో ఉన్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే మొదటి మాట, ‘నిజం చెప్పమ్మా, అందరూ బాగున్నారా?’ అనే.

ఆ తల్లిదండ్రులు చేసింది ప్రేమతోనే. కానీ పోయింది కుక్క ఒక్కటే కాదు. ఇంటి నుంచి వచ్చే కబురు మీద పిల్లాడి నమ్మకం కూడా పోయింది. పరీక్ష రేపే అయితే అది రాసొచ్చాక సాయంత్రం చెప్పొచ్చు. నెలా రెండు నెలలు దాచడం మాత్రం కుదరదు.

చిన్నపిల్లలైతే మాటలు ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి. నాలుగైదేళ్ల లోపు వాళ్లకు చావంటే తిరిగి రాకపోవడమని సరిగ్గా తెలియదు. ‘నిద్రపోయింది’ అంటే ఆ రాత్రి పడుకోవడానికే భయపడొచ్చు. ‘దేవుడికి నచ్చి తీసుకెళ్లాడు’ అంటే, ‘నేను నచ్చితే నన్ను కూడా తీసుకెళతాడా?’ అని వాళ్ల అనుమానం. ‘పొలానికి పంపించాం’ అంటే వేసవి సెలవుల్లో పొలానికి వెళదామని కూర్చుంటారు. ‘టామీ ముసలిదైపోయింది, ఒంట్లో బాగోలేదు, డాక్టరు మందులిచ్చినా తగ్గలేదు, చనిపోయింది, ఇక రాదు’ అని మామూలు మాటల్లో చెప్పండి. అదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ అదే జవాబు చెప్పండి. వాళ్ల ముందు మీ కళ్లు తుడుచుకున్నా ఫరవాలేదు.

నయంకాని బాధ పడుతుంటే ఇంజెక్షన్‌తో ప్రశాంతంగా పోనివ్వడం మేలని ఒక్కోసారి డాక్టరే చెబుతారు. అప్పుడు పదేళ్లు దాటిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. నిర్ణయం పెద్దవాళ్లదే. కానీ ముందుగా తెలిస్తే వాళ్లు దాని తల నిమిరి, నాలుగు మాటలు చెప్పుకుని పంపుతారు.

సాగనంపడానికీ ఓ పద్ధతి పెట్టుకోవచ్చు. సొంత స్థలం ఉంటే బావికి, బోరుకు దూరంగా మూడు నాలుగు అడుగుల లోతు గొయ్యి తీసి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా పాత నూలు దుప్పటిలో చుట్టి పూడ్చాలి. పిచ్చికుక్క వ్యాధి అనుమానముంటే ముట్టుకోకుండా ముందు పశువైద్యుడికి చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మున్సిపాలిటీని అడగాలి. హైదరాబాద్‌లో ఫతుల్లాగూడ దగ్గర పెంపుడు జంతువుల కోసం ప్రత్యేకంగా దహనవాటిక కట్టారు. పిల్లల చేత గుప్పెడు పూలు వేయించండి. పూడ్చిన చోట ఓ గన్నేరో నందివర్ధనమో నాటించండి. ఆ వారం అందరూ కలిసి భోంచేసేటప్పుడు దాని కబుర్లు ఎత్తండి. పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల చెప్పు ఎత్తుకుపోయిన కథ ప్రతి కుక్క ఇంట్లోనూ ఉంటుంది. నవ్వుతూ తలుచుకోవడం కూడా సంతాపమే.

టామీ ఇంకా తోక ఊపుతూ తిరుగుతున్న ఇళ్లవాళ్లకు ఓ మాట. మన వేడుకలు దానికి వేడుకలు కావు. మనకు వినిపించే శబ్దం ఇరవై వేల హెర్ట్‌జ్‌ల దాకానైతే, కుక్కకు నలభై అయిదు వేల దాకా వినిపిస్తుంది. దీపావళి నాడు దాన్ని తలుపులేసిన గదిలో, మీలో ఒకరు తోడుండి కూర్చోబెట్టండి. చుట్టాలొచ్చినప్పుడు ముద్దుకొద్దీ తలా ఓ ముద్ద పెడతారు. పాయసంలోని కిస్‌మిస్ దాని మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దానికి విషం. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ‘దీనికేమీ పెట్టకండి’ అని వచ్చినవాళ్లకు చెప్పడం మర్యాద తక్కువేమీ కాదు.

పోయిన వారానికే ఇంకో కూనను తెచ్చేయకండి. టామీ స్థానం బజార్లో దొరికే వస్తువు కాదని పిల్లలకు తెలియాలి. గిన్నె, గొలుసు చూసి బాధపడని రోజు వచ్చాక, ఇంట్లోవాళ్లే అడిగినప్పుడు చూద్దురుగాని.

అందరికంటే ముందు ఇంట్లో పెద్దాయన్ని గమనించండి. పిల్లలు బడికి, కోడలూ కొడుకూ ఆఫీసులకు పోయాక రోజంతా దానితో మాట్లాడింది ఆయనే. సాయంత్రం ఐదింటికి గొలుసు పట్టుకుని వీధి చివరిదాకా నడిచిందీ ఆయనే. టామీ పోయాక ఆ నడక కూడా ఆగిపోతుంది. ఆయన ఏమీ అనరు, పేపర్ తిరగేస్తూ కూర్చుంటారు. రేపు ఐదింటికి మనవణ్ణో మనవరాలినో చెప్పులేసుకుని, ‘తాతయ్యా, అలా వెళ్లొద్దామా?’ అని అడగమనండి.