వెలుతురుకి బంగారు పూత

బంగారు పూత పూసిన ఆప్టికల్ కేబుళ్ళు అమ్ముతున్నారండీ బాబూ! 1983లో తోషిబా వాళ్ళు తెచ్చిన టాస్‌లింక్ అది. అందులో నడిచేది కరెంటు కాదు, ఎర్రటి వెలుతురు. బంగారం పూసేది కొనల మీది తొడుక్కి. వెలుతురు దాన్ని తాకనైనా తాకదు. బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యడమంటే ఇదే. మా బాబాయికి అలాంటిదొకటి నాలుగు వేలకి అంటగట్టాడో షాపువాడు, "సౌండు క్లియర్‌గా వస్తుంది సార్" అంటూ.

సరే, లెక్క చూద్దాం. సీడీ పాటకి సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్ళు. వెరసి 14,11,200 బిట్లు. అవతలి కొసన సున్నాని సున్నాగా, ఒకటిని ఒకటిగా గుర్తుపడితే చాలు. తియ్యగా వినిపించే సున్నా, చేదుగా వినిపించే సున్నా అంటూ ఉండవు. కేబులు పాడైతే చిటపటలొస్తాయి, పాట ఆగిపోతుంది. అంతేగానీ వీణ నాదం కాస్త మసకబారడం లాంటివి జరగవు.

అలాగని "డిజిటలే కదా, ఏదైనా ఒకటే" అని తేల్చేసే నా తోటి ఇంజినీర్లతోనూ నాకు పేచీయే. కేబులు ఖరీదు వేరు, కనెక్షన్ రకం వేరు. కోయాక్సియల్ రాగితీగ అయితే రెండు పెట్టెల ఎర్తులూ కలిసి గుయ్యిమనే మోత రావచ్చు. ఆప్టికల్లో కరెంటు దాటదు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ ఈ రెంటిలోనూ కంప్రెస్ చెయ్యని ఆడియో రెండు చానెళ్ళకే సరి, 5.1 కావాలంటే కుదించి పంపాల్సిందే. డాల్బీ ట్రూహెచ్‌డీకి హెచ్‌డీఎంఐ తప్పనిసరి. టీవీ నుంచి వెనక్కి దాన్ని పంపాలంటే 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఆర్క్ రెండు వైపులా ఉండాలి. ఇక బ్లూటూత్‌లో మామూలుగా వాడే ఎస్‌బీసీకి సిఫార్సు చేసిన పై హద్దే 328 కిలోబిట్లు. సీడీలో నాలుగో వంతు కూడా కాదు!

నా బాధల్లా ఇదే. మా బాబాయి టీవీకీ రిసీవర్‌కీ రెంటికీ ఈఆర్క్ ఉంది. ఆ నాలుగు వేలు పోసి ఆయన కొన్నది తక్కువ మోసే దారి. వెనక ఏ పోర్టులున్నాయని షాపులో ఒక్కడూ అడగలేదు. మామూలు హెచ్‌డీఎంఐ కేబులు ఇచ్చుంటే మిగిలిన డబ్బు స్పీకర్లకి పనికొచ్చేది. తేడా చెవికి తెలిసేది అక్కడ.

కాబట్టి కేబులు కొనేముందు పోర్టులు చూసుకోండి. బంగారమే కావాలంటే నగల కొట్టుకెళ్ళండి, కనీసం తిరిగి అమ్ముకోవచ్చు. ఏమంటారు?