ఇల్లు ఎక్కడ కొనుక్కోవాలి?

హైదరాబాదులో ఇల్లు కొనదలచిన ముస్లిం కుటుంబం ముందు పరచి ఉండే పటం చాలా చిన్నది. గల్ఫ్‌లో పదిహేనేళ్లు కష్టపడి తిరిగివచ్చిన తండ్రి కావచ్చు, ఐటీ ఉద్యోగంలో కుదురుకున్న కొడుకు కావచ్చు, వారి నోట వినిపించే పేర్లు అవే. టోలిచౌకి, మెహిదీపట్నం, అత్తాపూర్, బండ్లగూడ, చేతిలో సొమ్ము తక్కువైతే షాహీన్‌నగర్. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడింది. ఆ వలయం లోపల లెక్కకు మించిన కాలనీలు వెలిశాయి. అయినా మన వెదుకులాట నాలుగైదు పేర్ల దగ్గరే తిరుగుతోంది. ఇందులో మన ఇష్టం ఎంత, ఇతరుల అయిష్టం ఎంత అన్నది తేల్చుకోవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాం.

ముందుగా ఆ పేర్లనే పక్కపక్కన పెట్టి చూద్దాం. స్థలాల వ్యాపారులు చేసే పోలికలు వేరు. వారి కరపత్రంలో ప్రతి ప్లాటూ విమానాశ్రయానికి పావుగంట దూరంలోనే ఉంటుంది. మెట్రో ఇంకా కాగితం మీద ఉండగానే దాని పేరు చెప్పి గజానికి ఇంత అని ధర పెంచేస్తారు. మేము అడిగే ప్రశ్నలు సాదా ప్రశ్నలు. వాన పడితే నీరెటు పోతుంది? పత్రం ఎవరి పేరిట ఉంది? ఆడపిల్ల కాలేజీకి వెళ్లి చీకటి పడేలోగా నిశ్చింతగా ఇల్లు చేరగలదా? మన పేరు విన్నాక కూడా ఆ ఇల్లు మనకు అమ్ముతారా?

టోలిచౌకి విషయానికి వస్తే, మధ్యతరగతి ముస్లిం కుటుంబానికి ఇంతకంటే అనువైన చోటు నగరంలో లేదన్న మాట చాలాకాలంగా ఉంది. అది పూర్తిగా నిరాధారం కాదు. పాఠశాలలు, ఆసుపత్రులు, మస్జిదులు, హలాల్ మాంసం దుకాణాలు నడిచిపోయే దూరంలో ఉన్నాయి. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు వెళ్లేవారి ప్రయాణం తేలికైంది. కానీ 2020 అక్టోబరు వానలను మరచిపోకూడదు. షా హాతిం తలాబ్ పొంగి నదీం కాలనీలో ఇళ్లు నీట మునిగాయి, జనాన్ని పడవల్లో బయటకు తేవలసి వచ్చింది. ఆ వీధుల్లోని ఇళ్లు మురికివాడ ఇళ్లు కావు. జీవితకాలపు సంపాదన పోసి కట్టుకున్న రెండంతస్తుల, మూడంతస్తుల ఇళ్లు. నీటి దారికి అడ్డంగా కట్టిన ఇంటికి అందమైన ముఖద్వారం రక్షణ ఇవ్వదు. టోలిచౌకిలో కొనేవారు ఎత్తున ఉన్న వీధికీ పల్లపు వీధికీ మధ్య తేడాను ఒక వానాకాలమైనా చూసి కొనాలని మా సలహా.

టోలిచౌకి దాటి పడమటికి కొద్ది దూరం వెళితే మణికొండ. అంతస్తుల మీద అంతస్తులు, ఐటీ సంస్థలకు దగ్గర, అద్దెకిచ్చినా ఆదాయం. ధర ఎక్కువ కనుక వసతులు కూడా ఎక్కువే అనుకుంటే పొరపాటు. ఒకప్పటి పంచాయతీ ఊరు ఒక్కసారిగా నగరమైపోతే ఎలా ఉంటుందో అలాగే ఉంది. వేసవిలో నీటి ట్యాంకర్ల వరుసలు మామూలు దృశ్యం. 2021 సెప్టెంబరులో వాన కురిసిన రాత్రి, పని పూర్తికాని మురుగు కాలువ గుంతలో పడి ఒక ఉద్యోగి ప్రాణం కోల్పోయాడు. నీళ్లు, నాలాల విషయంలో మణికొండను టోలిచౌకి కంటే గొప్పదని మేము అనలేం.

మణికొండ పేరు మన పాఠకులకు మరో కారణంగా బాగా తెలుసు. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలు ఈ జాగీరులోనివే. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమిపై హక్కు రాష్ట్రానిదేనని తీర్పు ఇచ్చింది. తీర్పు మంచిచెడులపై మనకున్న బాధ వేరు. ఇక్కడ చెప్పదలచినది వేరొకటి. ఒక దర్గా పేరుతో తరతరాలుగా గుర్తింపు పొందిన ఆ నేల మీదనే నేడు ముస్లిం యువకుడు అద్దె ఫ్లాటు కోసం ఫోను చేస్తే, పేరు చెప్పేదాకా సాగిన సంభాషణ పేరు చెప్పాక తెగిపోతోంది. 'ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం' అంటారు. 'ఓనరు శాకాహారులకే ఇమ్మన్నారు' అంటారు. మర్నాడు అదే ఫ్లాటు ప్రకటన మళ్లీ కనబడుతుంది. అందరూ ఇలాగే ఉన్నారని మేము అనడం లేదు. పొరుగింటి ముస్లిం కుటుంబానికి అండగా నిలిచిన హిందూ, క్రైస్తవ సోదరులు ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. అయినా నాలుగు చోట్ల కాదనిపించుకున్న యువకుడు ఐదోసారి అడగకుండానే టోలిచౌకికి తిరిగివస్తాడు. అందరూ అక్కడికే తిరిగివస్తే అక్కడి ధర ఎందుకు పెరగదు?

ఇప్పుడు దక్షిణానికి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద అత్తాపూర్ విస్తరించింది. అక్కడ చిరునామా అడిగితే వీధి పేరు కాదు, ఫలానా పిల్లర్ నంబరు అని చెబుతారు. మా దృష్టిలో మొత్తం ఈ వరుసలో అత్తాపూర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. గుడి గంటా అజానూ ఒకే గల్లీలో వినిపించే కాలనీలు అక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి. పిల్లలు కలిసి ఆడుకుంటారు, బక్రీద్‌కు, దసరాకు ఇచ్చిపుచ్చుకోవడాలు సాగుతాయి. బస్సు సౌకర్యం బాగుంది. అయితే పక్కనే మూసీ ఉంది. 2024 సెప్టెంబరులో నది గర్భంలో ఉన్నాయంటూ అధికారులు ఇళ్లపై ఎర్ర రంగు గుర్తులు వేసినప్పుడు మూసీ ఒడ్డు పొడవునా పేద కుటుంబాలు, అందులో మనవారు ఎందరో, నిద్ర లేని రాత్రులు గడిపారు. నదికి దూరంగా, రిజిస్టరైన పత్రంతో దొరికితే అత్తాపూర్‌ను మేము మొదటి వరుసలో ఉంచుతాం.

అత్తాపూర్‌కు పడమరగా బండ్లగూడ జాగీర్, సన్‌సిటీ, హైదర్‌షాకోట్, కిస్మత్‌పూర్. (చాంద్రాయణగుట్ట దగ్గరున్న బండ్లగూడ వేరు. ఒక బండ్లగూడ ధర చెప్పి మరో బండ్లగూడ ప్లాటు చూపించే దళారులున్నారు, జాగ్రత్త.) ఇక్కడ గాలి బాగుంది, రోడ్లు వెడల్పు, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. కాస్త స్తోమత ఉన్న యువ దంపతులు ఇటే చూస్తున్నారు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దిగువన ఏయే వీధులు తడుస్తాయో మాత్రం కనుక్కోవాలి. 1908 మూసీ వరదల తర్వాతనే ఆ జలాశయాలు కట్టారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ నీటి దారి ఎంత పాతదో అర్థమవుతుంది.

ఇక షాహీన్‌నగర్. చాంద్రాయణగుట్ట నుంచి పహాడీ షరీఫ్ వెళ్లే దారిలో, జల్‌పల్లి పరిధిలో ఉన్న ఈ బస్తీ గురించి రాయడం మాకు సులభం కాదు. పాతబస్తీ ఇరుకు గదుల్లో మూడు తరాలు కలిసి బతకలేక, తక్కిన చోట్ల ధర అందుకోలేక, ఆటో నడిపేవారు, బండి మీద పండ్లు అమ్మేవారు, జరీ పని చేసే స్త్రీలు చిట్టీల సొమ్ముతో ఇక్కడ అరవై గజాలు, ఎనభై గజాలు కొనుక్కున్నారు. సొంత గోడ మధ్య నిద్రపోవాలన్న వారి ఆశను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ గజాల కాగితం చాలాసార్లు నోటరీ ముద్రతో ఆగిపోయింది. 2020 అక్టోబరులో బుర్హాన్‌ఖాన్ చెరువు పొంగి దగ్గరలోని ఉస్మాన్‌నగర్‌ను ముంచెత్తితే నీరు నెలల తరబడి తీయలేదు. ఇళ్లకు తాళాలు వేసి జనం మళ్లీ అద్దె గదులకు వెళ్లారు. అదే నెలలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9 నుంచి ఉచితమైంది, సంతోషం. కాలనీ లోపలికి బస్సే రాకపోతే ఆ ఉచితం అక్కడి ఆడపిల్లకు ఏమి చేరినట్టు?

చెరువు శిఖం భూమిని ముక్కలు చేసి మనవారికి అమ్మినది ఎవరో పరాయివారు కాదు. 'మన వాళ్ల కాలనీ, గేటు దగ్గరే మస్జిద్' అని చెప్పి అమ్మిన వారిలో మన పేర్లవారే ఎక్కువ. మస్జిద్ పునాది వేయడం కొందరికి ప్లాట్లు అమ్మే మార్గమైపోయింది. ఇది చెప్పడానికి మేము వెనుకాడడం లేదు. భయంతో ఒకచోట చేరే జనాన్ని మోసగించడం తేలిక, ఎందుకంటే వారు ధైర్యంగా వెళ్లగల మరో చోటు లేదు.

పత్రాల విషయం కొంత వివరంగా చెప్పుకోవాలి. నోటరీ కాగితం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇంటి మీద యాజమాన్యం ఇవ్వవు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. మనవారిలో చాలామంది వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు రుణం తీసుకోరు. ఆ నిష్ఠను మేము గౌరవిస్తాం. అయితే రుణం ఇచ్చే బ్యాంకు తన న్యాయవాదితో ముందుగా పత్రాలన్నీ పరిశీలింపజేస్తుందనీ, రొక్కం ఇచ్చి కొనేవారికి ఆ పరిశీలన ఉండదనీ గమనించాలి. కాబట్టి రుణం తీసుకోని కుటుంబం ఆ పని తానే చేయించుకోవాలి. ముప్ఫై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి చూడాలి. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందేమో, వక్ఫ్ గెజెట్‌లో ఉందేమో చూడాలి. వక్ఫ్ ఆస్తి అమ్మకం చెల్లదు, కొన్నవాడు ముస్లిం అయినంత మాత్రాన అది చెల్లుబాటు కాదు. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ ఎంతవరకో, దాని తర్వాత బఫర్ ఎంతవరకో హెచ్‌ఎండీఏ పటంలో చూడాలి. 25 ఎకరాలకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలని నిబంధన. 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక ఈ గీతకు లోపల కట్టిన ఇల్లు ఏ ఉదయమైనా కూలవచ్చు. అమ్మినవాడు అప్పటికి ఎక్కడుంటాడో తెలియదు.

కుటుంబాలు జాగ్రత్తపడితే సగం సమస్య తీరవచ్చు. మిగిలిన సగం చట్టానిది. భారత రాజ్యాంగం 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ ఇచ్చింది. 15వ అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల దగ్గర మతం పేరిట అడ్డగించరాదంది. ఇల్లు అమ్మడం, అద్దెకివ్వడం ఆ జాబితాలో లేదు. 2005లో అహ్మదాబాద్ పార్సీ గృహ సంఘం కేసులో, సంఘం తన సభ్యత్వాన్ని ఒక మతం వారికే పరిమితం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అదే గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటించిన ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. అల్లర్లలో భయపెట్టి ఇళ్లు అమ్మించకుండా ఆపడానికి వచ్చిన చట్టమే ఎవరి పేట వారిదన్న గీతను గట్టిపరిచే సాధనమైంది. 2002 తర్వాత జుహాపురా ఎంత పెరిగిందో, అందులో డబ్బున్నవారూ లేనివారూ ఎలా ఒకేచోట చేరారో అందరికీ తెలిసినదే. మన నగరంలో అలాంటి చట్టం లేదు. చట్టం లేకుండానే అలాంటి గీతలు పడుతున్నాయి. ముస్లింలు భయంతో ఒకచోట కుదించుకుపోతున్నారనీ, ఇళ్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వారికి నిరాకరణ ఎదురవుతోందనీ సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. అమెరికాలో నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదన్న ఒప్పందాలను న్యాయస్థానాలు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, 1968లో ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం రాగానే అక్కడ వివక్ష పోలేదు. కానీ నిరాకరించబడినవాడు వెళ్లి తలుపు తట్టడానికి ఒక కార్యాలయం ఏర్పడింది. మనకు ఆ తలుపే లేదు.

తెలంగాణ ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్దదేమీ కాదు. రెరాలో నమోదైన ప్రతి నిర్మాణ సంస్థ అమ్మకాల్లో మతం, కులం చూడబోమని రాతపూర్వకంగా హామీ ఇచ్చేలా నిబంధన చేర్చవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘాల నియమావళిలో అలాంటి నిరాకరణ చెల్లదని ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. జల్‌పల్లి వైపు నాలాలకు, మణికొండ నాలాలకు ఒకే శ్రద్ధ చూపవచ్చు. ఇదే కోరిక మన సముదాయానికి కూడా వర్తిస్తుంది. మన ఆధిక్యం ఉన్న వీధుల్లో ఇల్లు వెదికే దళిత కుటుంబానికి, ఒంటరి స్త్రీకి, వేరే మతం వారికి మనం ఏమి జవాబిస్తున్నామో మన ఓనర్లు తమను తాము అడగాలి.

మస్జిద్ కమిటీలకు ఒక ప్రతిపాదన. ప్రతి ప్రాంతంలో ఇద్దరు ముగ్గురు న్యాయవాదులు, ఒక రిటైర్డ్ సర్వేయరు, రిజిస్ట్రేషన్ పని తెలిసిన ఒకరు కలిసి శుక్రవారం జుమా తర్వాత గంటసేపు కూర్చుంటే, బయానా ఇవ్వబోయే కుటుంబం తన పత్రాలు తెచ్చి చూపించుకోగలదు. ఇల్లు నిరాకరించిన సందర్భాలను తేదీతో, ప్రకటన ప్రతితో సహా అక్కడే రాసుకోవచ్చు. అలాంటి పుస్తకం ప్రతి బస్తీలో ఒకటి ఉంటే, రేపు శాసనసభ్యుని ముందుకో న్యాయస్థానానికో వెళ్లినప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది. ఈ పని మొదలుపెట్టే కమిటీలు మాకు రాయగలరు. పత్రాల పరిశీలనకు కావలసిన నమూనా జాబితా పంపుతాం.