సీటు గురించి అడుగుతున్నాము, చదువు గురించి ఎప్పుడు అడుగుతాము?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మా బస్తీలోని సంక్షేమ సంఘం గదికి తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. బి.పి.సి. చదివిన పిల్లల మార్కుల మెమోలు చేతిలో పట్టుకొని వస్తారు. "భాయ్ సాబ్, ఏ కోర్సులో చేర్పించమంటారు? ఎంత ఖర్చవుతుంది? జీతం ఎంత వస్తుంది?" ఏటేటా ఈ మూడు ప్రశ్నలే వినవస్తున్నాయి. అవి న్యాయమైన ప్రశ్నలే. పేదవాడు పైసా లెక్క చూసుకోక తప్పదు. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ కోర్సులో మా అమ్మాయికి, మా అబ్బాయికి ఏమి నేర్పుతారు? ఆ ప్రశ్న వేసే తల్లిదండ్రులు బహు అరుదు.

ఈ నాలుగవ ప్రశ్న అడగకపోవడం వలననే మిగిలిన మూడింటికీ తప్పుడు జవాబులు దొరుకుతున్నాయని మా అభిప్రాయం. ఏమి నేర్పాలో తెలియని తండ్రికి ఏదీ నేర్పని సంస్థ కూడా మంచి సంస్థగానే కనిపిస్తుంది. ఏమి నేర్చుకుంటారో తెలియని తల్లికి నర్సింగు అంటే 'మంచాల దగ్గర పని' అనే తోస్తుంది. అందుచేత ఆరోగ్య రంగంలోకి వెళ్ళే విద్యార్థి అసలు ఏమి చదువుతాడో కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం.

నర్సింగునే తీసుకుందాము. జి.ఎన్.ఎం. డిప్లొమా మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, పోషకాహారం, మనస్తత్వ శాస్త్రం పునాదులు. వాటిపైన ఔషధ శాస్త్రం, పెద్దల వ్యాధులు, శస్త్రచికిత్స రోగుల సంరక్షణ, శిశు ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, ప్రసూతి, సామాజిక ఆరోగ్యం. ఇదంతా పుస్తకంలో సగం, వార్డులో సగం నేర్వవలసిన విద్య.

మొదట నేర్పేది చేతులు కడుక్కోవడం. ఇందులో నేర్వడానికేమున్నదని నవ్వేవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఐదు సందర్భాలు నిర్దేశించింది: రోగిని తాకడానికి ముందు, శుభ్రమైన ప్రక్రియ ఏదైనా మొదలుపెట్టే ముందు, రక్తం వంటి శరీర ద్రవాలు తగిలిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకిన తరువాత. సబ్బుతో అయితే నలభై నుండి అరవై సెకన్లు. ఒక మంచం నుండి మరొక మంచానికి రోగాన్ని మోసుకుపోయేది ఎక్కువగా చేతులే గనుక ఈ పాఠం ముందు వచ్చింది.

తరువాత లెక్క. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు రాస్తారు. ఆ గొట్టంలో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరైతే నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? పది వేల చుక్కలను 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. పదవ తరగతి లెక్కే. కానీ గుండె బలహీనమైన వృద్ధునికి ఈ లెక్క తప్పి ద్రవం వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందు ఇచ్చే ముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని ఐదు విషయాలు సరిచూసుకోవడం నర్సుకు నేర్పే క్రమశిక్షణ. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే వీపున పుండ్లు పడతాయని తెలిసి, రాత్రి మూడు గంటలకు కూడా ఆ పని చేయడం మరొక క్రమశిక్షణ.

ల్యాబ్ టెక్నీషియన్ చదువు మరో ఉదాహరణ. సూది గుచ్చి రక్తం తీయడం కొద్ది రోజుల్లో అలవాటు కావచ్చు. ఏ పరీక్షకు ఏ రంగు మూత గల గొట్టం వాడాలి, ఏది ముందు నింపాలి, ఎందుకు అన్నది చదువు. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనంలో పొటాషియం ఉంటుంది. ఆ గొట్టంలోని రక్తం పొరబాటున మరొక గొట్టంలో కలిస్తే రోగి రక్తంలో పొటాషియం లేనిపోనిదిగా పెరిగినట్లు నివేదిక వస్తుంది. దాన్ని నమ్మి వైద్యం చేస్తే ప్రమాదం రోగికి. సంతకం చేసేది మరొకరైనా ఆ అంకె పుట్టింది టెక్నీషియన్ చేతిలోనే.

ఆసుపత్రి చెత్త కూడా పాఠమే. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో పడాలి. సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు ఎరుపులో, సూదులు గుచ్చుకోని తెల్లని డబ్బాలో, గాజు సామగ్రి నీలంలో వేయాలి. ఒక సూది పొరబాటున ఎరుపు సంచిలో పడితే అది గుచ్చుకునేది సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికునికి. ఆ కార్మికుడు ఎక్కువగా మన బస్తీల వంటి బస్తీల వాడే.

ఇవన్నీ చేతి విద్యలు. వీటితోపాటు నడవడిక కూడా నేర్పుతారు. తాకే ముందు రోగికి చెప్పాలి, అనుమతి తీసుకోవాలి, తెర వేయాలి. రోగి రహస్యం బయట చెప్పకూడదు. హెచ్.ఐ.వి. విషయంలో ఈ గోప్యతను 2017 నాటి చట్టమే విధించింది. అన్నిటికన్నా మించి, మంచం మీద ఉన్నవాడు ఎవరైనా సరే, సంరక్షణ ఒక్కటే. 2020లో కోవిడ్ తొలి నెలల్లో ఒక రోగాన్ని ఒక మతానికి అంటగట్టే ప్రచారం సాగినప్పుడు ఈ పాఠం విలువ ఎంతటిదో మన సముదాయం అనుభవపూర్వకంగా తెలుసుకున్నది. పేరు చూసి ముఖం తిప్పుకోని నర్సు మనకు ఎంత అవసరమో, పేరు చూడకుండా సేవ చేసే నర్సుగా మన బిడ్డ తయారుకావడం కూడా అంతే అవసరం. హక్కు అడిగేవారికి ఈ రెండవ భాగం మరింత వర్తిస్తుంది.

ఇప్పుడు సంస్థల సంగతి. 'ఆరు నెలల పారామెడికల్ డిప్లొమా, వంద శాతం ఉద్యోగం' అన్న బ్యానర్లు మన వాడల్లో, మస్జిదుల సమీపంలోనే కడుతున్నారు. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణునికి కనీసం 2000 గంటల చదువు ఉండాలని, అది రెండు నుండి నాలుగేళ్ళ కాలంలో సాగాలని నిర్వచించింది. లెక్క వేసి చూడండి. రోజుకు ఆరు గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు, ఆరు నెలలు: మొత్తం 936 గంటలు. ఒక్క రోజు కూడా మానకుండా చదివినా సగానికి చేరదు. అటువంటి పత్రం చేతబట్టుకొన్న అమ్మాయి రిజిస్ట్రేషన్‌కు వెళ్తే తిరస్కారమే ఎదురవుతుంది. ఆమె చేరగలిగేది ఏ చిన్న నర్సింగు హోములోనో, అడిగినంత పని, ఇచ్చినంత జీతం మీద. గల్ఫ్ దేశాలకు వెళ్ళాలన్నా అక్కడి అధికారులు చదివిన సంస్థ నుండి రిజిస్ట్రేషన్ వరకు ప్రతి పత్రాన్నీ మూలంలోనే సరిచూస్తారు.

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య పనిచేసినవారము. కాగితం మీద ముద్ర ఉన్నంత మాత్రాన దానికి విలువ రాదని, ముద్ర వేసినవానికి ఆ అధికారం ఉండాలని మాకు తెలుసు. కాబట్టి చేరే ముందు నాలుగు సంగతులు అడగండి. మొదటిది, గుర్తింపు ఎవరిది? నర్సింగుకు రాష్ట్ర నర్సింగు మండలి, డిగ్రీ అయితే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమో, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమో. టెక్నీషియన్ డిప్లొమాలకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు. రెండవది, ఏ ఆసుపత్రిలో శిక్షణ, ఎన్ని పడకలు, అక్కడ రోగులు నిజంగా ఉన్నారా? మూడవది, వారానికి ఎన్ని గంటలు వార్డులో ఉంచుతారు, వెంట ఉండి నేర్పేవారెవరు? నాలుగవది, నిరుడు చదువు ముగించినవారు రిజిస్టరు అయినారా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పని చోట ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మన అమ్మాయిల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నర్సింగు మన ఇళ్ళలో తక్కువ చూపుకు గురవుతున్నది. అదే ఇంటి కోడలికి ప్రసవ సమయం వస్తే 'ఆడ నర్సు ఉందా' అని అడుగుతాము. ఇ.సి.జి. తీయడానికి, స్కానింగు చేయడానికి ఆడమనిషి కావాలంటాము. కోరిక న్యాయమైనదే. కానీ అందరమూ ఆడ నర్సు కావాలని అడిగి, ఎవరమూ బిడ్డను పంపకపోతే ఆ నర్సు ఎక్కడి నుండి వస్తుంది? మగవాని ముందు చెప్పుకోలేక రొమ్ములో గడ్డను, తెల్లబట్టను నెలల తరబడి దాచుకొని వ్యాధి ముదిరిన తరువాత వచ్చే స్త్రీలు మన మధ్య ఉన్నారు. ఆ మౌనానికి మనము పెట్టిన వెల అది. ఇస్లాం చరిత్ర ఎరిగినవారికి రుఫైదా అల్ అస్లమియా పేరు కొత్త కాదు. కందక యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ (రజి)కు మదీనా మస్జిద్ వద్ద ఆమె డేరాలోనే చికిత్స జరిగింది. ఆ పేరు సభల్లో తలచుకొని ఇంట్లో బిడ్డను ఆపడం పొసగదు.

దుస్తుల గురించి అడిగే ప్రశ్నకు కూడా చదువులోనే జవాబు ఉన్నది. ఆపరేషన్ థియేటర్‌లో జుట్టు కప్పుకోవడం అందరికీ నియమమే. మోచేతి కింద చేతులు కప్పకూడదన్నది మతం మీద వివక్ష కాదు. గుడ్డ అంచు క్రిములను మోస్తుంది గనుక, మోచేతి దాకా కడుక్కోవాలి గనుక. రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారికి ఇది అర్థం కాని సంగతి కాదు. బ్రిటన్ ఆరోగ్య శాఖ 2010లో ఒకసారి వాడి పారవేసే చేతి తొడుగులకు అవకాశం ఇచ్చి మధ్యేమార్గం చూపింది. అటువంటి సర్దుబాటును ఇక్కడి కళాశాలలను కూడా మర్యాదగా, ముందుగానే, రాతపూర్వకంగా అడగవచ్చు. అలాగే రాత్రి డ్యూటీకి వాహనం, సురక్షితమైన హాస్టలు, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉన్నాయా అని అడగడం తల్లిదండ్రుల హక్కు. భయం ఉంటే భద్రతను అడగాలి, చదువును ఆపకూడదు.

ఇక అబ్బాయిల మాట. ఎం.బి.బి.ఎస్. తప్ప మరొకటి వైద్య రంగమే కాదన్న భ్రమతో నీట్‌కు రెండేళ్ళు, మూడేళ్ళు కోచింగులో గడిపి, ఇంటి నగలు కరిగించి, చివరకు ఏ కోర్సులోనూ చేరనివారిని చూస్తున్నాము. ప్రయత్నించవద్దని మేము అనము. ఒక గడువు పెట్టుకోమంటున్నాము. డయాలిసిస్, రేడియాలజీ, మత్తుమందు విభాగం, ఫిజియోథెరపీ, నేత్ర పరీక్ష — ఇవి ఓడినవారి దారులు కావు. ఇవి లేకుండా ఏ డాక్టరూ పనిచేయలేడు.

మన పిల్లలకు ఒక బలమున్నది, దాన్ని ఎవరూ లెక్కించరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతారు. ఒక ముసలమ్మ 'ఘబ్రాహట్' అంటే అది గుండె దడా, ఊపిరాడకపోవడమా, మనసు కలతా అని తిరిగి అడిగి తేల్చగలిగేది ఆ భాష ఎరిగినవారే. వెనుకబడినది ఆంగ్లంలో. పాఠాలు, పరీక్షలు ఆంగ్లంలోనే గనుక ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు మొదటి ఏడాదే తడబడుతున్నారు.

ప్రభుత్వం చేయవలసినవి ఉన్నాయి. బి.సి.-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కాగితంపై ఉంటే చాలదు. ధ్రువపత్రాలు కౌన్సెలింగు తేదీలకు ముందే చేతికి అందాలి. ఫీజు రీయింబర్సుమెంటు బకాయిల పేరుతో కళాశాలలు పిల్లల అసలు పత్రాలు ఆపకుండా చూడాలి. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో ప్రభుత్వ నర్సింగు కళాశాలలు నెలకొల్పాలి. గుర్తింపు లేని సంస్థలపై ఫిర్యాదు వచ్చేదాకా వేచి ఉండకుండా చర్య తీసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగాలలో ముస్లింల వాటా ఎంత తక్కువో 2006లోనే సచార్ కమిటీ చూపింది. ఆ నివేదికను ఉటంకించడంతో మన పని ముగియదు.

సముదాయం చేయగలిగినవీ ఉన్నాయి. ప్రతి మస్జిద్ కమిటీ తన జిల్లాలోని గుర్తింపు పొందిన సంస్థల జాబితాను ఫలితాల వేళ నోటీసు బోర్డుపై అంటించవచ్చు. సెలవుల్లో రెండు నెలలు ఆంగ్ల తరగతులు నడపవచ్చు. బైతుల్‌మాల్ నిర్వాహకులు ఒక్కో ఏడాది ఇద్దరు నర్సింగు విద్యార్థినుల పుస్తకాలు, బస్సు ఖర్చులు భరించవచ్చు. పనిచేస్తున్న నర్సులను, టెక్నీషియన్లను వేదికపైకి పిలిచి, వారి చదువు ఎటువంటిదో వారి నోటనే తల్లులకు వినిపించవచ్చు. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు.

ప్రాణం నిలబెట్టడం ఎంత పుణ్యమో మన ఉపన్యాసాలలో తరచు వింటాము. ఆ పుణ్యానికి ఒక పాఠ్యప్రణాళిక ఉన్నది, గంటల లెక్క ఉన్నది, పరీక్ష ఉన్నది. దాన్ని తెలుసుకొని బిడ్డలను పంపుదాము. తెలుసుకోకుండా పంపితే పోయేది మన డబ్బు మాత్రమే కాదు. రేపు ఆ బిడ్డ చేతికి చేయి అందించే రోగి ప్రాణం కూడా.