కంప్యూటర్ అమ్మే ముందు మా కాగితాలు చెరిపేయండి

నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు నడుపుతున్న యజమానులకు, అక్కడ పనిచేస్తున్న వారికి నమస్కారం.

ఏ దరఖాస్తు పెట్టాలన్నా ముందు మీ దగ్గరికే వస్తాం. ఆధార్, పాన్ కార్డు, పిల్లల మార్కుల మెమోలు, పట్టాదారు పాస్‌పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో మీ చేతిలో పెడతాం. ప్రింటు తీసుకుని వెళ్లిపోతాం. ఫైలు మాత్రం మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. అలా ఏళ్ల తరబడి ఊరందరి కాగితాలు పోగుపడిన కంప్యూటర్‌ను పాతబడిందని అమ్మేస్తారు, లేదా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తారు. ఆ ఒక్క రోజు గురించే ఈ విజ్ఞప్తి.

‘అన్నీ డిలీట్ చేశాం, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాం’ అంటారు. అది చాలదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినంత మాత్రాన అధ్యాయాలు పోవు కదా! డిలీట్ చేస్తే హార్డ్ డిస్క్‌లో ఆ చోటు ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటుంది, అంతే. దానిమీద మరో ఫైలు పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా ఇదే కథ. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పైకి తీయవచ్చు.

అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ 158 పాత హార్డ్ డిస్కులు కొని పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రచురించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా శుభ్రం చేసినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో వేల క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి.

అందుకే ఈ పనులు చేయమని కోరుతున్నాం.

మీకు కావలసిన లెక్కలు, జీఎస్టీ ఫైళ్లు ముందు వేరే చోట భద్రపరచుకోండి. తుడిచాక ఏదీ తిరిగి రాదు. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని రికవరీకి వెళ్లి ‘రీసెట్ దిస్ పీసీ’, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. అక్కడితో ఆగకండి. ‘చేంజ్ సెట్టింగ్స్’లో ‘క్లీన్ డేటా’ ఆన్ చేయండి. సి డ్రైవ్ ఒక్కటే కాదు, డి డ్రైవ్ కూడా పోయేలా అన్ని డ్రైవ్‌లూ ఎంచుకోండి. దీనికి గంటలు పట్టవచ్చు. రాత్రి షాపు మూసేటప్పుడు పెడితే సరిపోతుంది. ఇప్పటి హార్డ్ డిస్క్‌లకు ఒకసారి పూర్తిగా తిరగరాస్తే చాలు, పదే పదే అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అది అరుగుదలను సమానంగా పంచడానికి కొత్త డేటాను వేరే చోట రాస్తుంటుంది. కాబట్టి పైన తిరగరాశామనుకున్నా పాతది మిగలవచ్చు. దానికి తయారీ కంపెనీ ఇచ్చే టూల్‌తో ‘సెక్యూర్ ఎరేజ్’ చేయాలి. అంతకన్నా మేలు, కొత్త కంప్యూటర్ కొన్న రోజే బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోవడం. అప్పుడు తాళం లేనివాడికి డిస్క్ దొరికినా చదవలేడు. ఆన్ చేసేటప్పుడు ఇచ్చే రికవరీ కీని మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

చెడిపోయిన డిస్క్‌ను తుడవలేం. దాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి వేయకండి. లోపలి పళ్లేలకు డ్రిల్‌తో తూట్లు పెట్టించి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. పెద్ద డిజిటల్ జిరాక్స్ యంత్రాల్లోనూ చాలావాటికి హార్డ్ డిస్క్ ఉంటుంది. వాటిని తిరిగి ఇచ్చేముందు మెకానిక్‌ను అడిగి చెరిపించండి.

‘రిపేరు కుర్రాడు చూసుకుంటాడులే’ అని వదిలేయకండి. పాత పరికరాలను తీసేసే పనిని డేటా చెరపడంలో అనుభవం లేని ఒక తరలింపు సంస్థకు అప్పగించినందుకు మోర్గాన్ స్టాన్లీ బ్యాంకు అనుబంధ సంస్థ 2022లో అమెరికా నియంత్రణ సంస్థకు మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మన దేశంలోనూ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరిన సమాచారాన్ని తొలగించమనే చెబుతోంది.

ఇక తోటి వినియోగదారులకు ఒక మాట. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చెల్లే చోట అదే ఇవ్వండి. ప్రింటు చేతికి రాగానే ‘అన్నా, నా ఫైలు తీసేయండి’ అని మొహమాటం లేకుండా అడగండి. యజమానులారా, అలా అడిగితే అనుమానిస్తున్నారని నొచ్చుకోకండి. రోజూ షాపు కట్టేసే ముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేయండి, వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయండి. కంప్యూటర్ అమ్మే రోజు మాత్రం పూర్తిగా తుడిచాకే గడప దాటించండి.

ఇట్లు,
మీ షాపులకు వచ్చే వినియోగదారులు