సానరాయి – అంకెల మాయ

"బుద్ధికి సాన పట్టండి" అని పిల్లలకు బోధించడం ఉపాధ్యాయులకు పరిపాటి. సంస్కృతంలోని శాణమే మన సాన. 'నిశిత దృష్టి' అంటాము గదా, ఆ నిశిత శబ్దానికి మూలార్థం నూరబడినది అనే. మాటలు నిలిచాయి గాని, వాటికి పుట్టిల్లయిన రాయి మాత్రం మన ఇండ్లనుండి తరలిపోయింది. గంధపు సాన ఒక్కటి పూజగదిలో మిగిలింది.

ఇప్పుడు కొందరు మళ్ళీ పాతకాలపు క్షురకత్తిని చేతబట్టి, తమ గడ్డం తామే గీసుకోవాలని ముచ్చటపడుతున్నారు. సంతోషం. కత్తి దొరికిన వెంటనే వారికి కలిగే సందేహం ఒకటే: చవకగా దొరికే కృత్రిమ సానరాళ్ళలో ఏది కొనాలి? పెద్ద అంకె గల రాతికి ఎగబడవద్దు, నమ్మదగిన 1000 అంకె రాయి ఒకటి ముందుగా సంపాదించుకొనండి అన్నది నా అభిప్రాయం. కారణాలు విన్నవిస్తాను.

ముందుగా 'కృత్రిమం' అన్న మాటకు పట్టిన మకిలి వదిలించాలి. కృత్రిమమంటే చేయబడినది అని మాత్రమే అర్థం. కపటమన్న అర్థం తరువాత అంటుకొన్నది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడును తయారుచేసి దానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. అందులో సగం పేరు కోరండం. ఆ ఆంగ్లపదం పుట్టినది మన దక్షిణాదిలోనే. తమిళుల కురుందం, సంస్కృతంలోని కురువిందం దాని బంధువులు. నేటి సానరాళ్ళలో అధికభాగం ఈ సిలికాన్ కార్బైడుతో గాని, కోరండమనబడే అల్యూమినియం ఆక్సైడుతో గాని చేసినవే. బెల్జియం గనుల కోటిక్యూల్ వంటి సహజశిలలు గొప్పవే. కాని ఏ ముక్క గుణమెటువంటిదో నూరి చూస్తే గాని తెలియదు. చేసిన రాతిలో రేణువుల పరిమాణం ముందే నిర్ణయించి పోస్తారు. తక్కువ ధనం గలవానికి ఆ నిశ్చయమే మేలు.

అయితే ఆ నిశ్చయం మంచి తయారీదారు రాతికే వర్తిస్తుంది. రాతిమీది అంకె దానంతట అది ఏమీ చెప్పదు. జపాను కొలతలో 1000 అంటే రేణువు సగటున 11.5 మైక్రాన్లు, 4000 అంటే 3, 8000 అంటే 1.2 మైక్రాన్లు. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఐరోపా కొలతలో P2000 అని ముద్రించిన గరుకుకాగితపు రేణువు 10 మైక్రాన్లకు పైమాటే! అంటే అక్కడి రెండువేలు ఇక్కడి వెయ్యికి ఇంచుమించు సమానం. ఏ కొలతో చెప్పకుండా, పేరూ ఊరూ లేని రాతిమీద 10000 అని చెక్కితే, 'మా ఊరు పది' అని చెప్పి క్రోసులో మైళ్ళో చెప్పనట్లే. పైగా అటువంటి రాతిలో సన్నని రేణువుల నడుమ ఒక్క ముతక రేణువు దాగి ఉన్నా చాలు, వాదరకు గాటు పడుతుంది. వంటింటి కత్తికి గాటు పడితే వంకాయ ఊరుకొంటుంది గాని, చెక్కిలి ఊరుకొనదు.

మరొక భేదమున్నది. వంటింటి కత్తిని నూరేటప్పుడు వాలు మన చేతిలో ఉంటుంది. క్షురకత్తికి ఆ బాధ లేదు. వెన్నును, వాదరను రెండింటినీ రాతిమీద ఆన్చి, వాదర ముందు నడిచేటట్లు తేలికగా జరపాలి. వెన్ను మందమే వాలును నిర్ణయిస్తుంది. కనుక రాయి నడుమ గుంటపడితే వాలు చెడుతుంది. చవకరాళ్ళు పలువురికి చేదయ్యేది ఇక్కడనే. వాటిలో చాలా మెత్తనివి, త్వరగా అరుగుతాయి. అందుకు మందు కూడా చవకే. దళసరి గాజుపలకమీద నీటికి తట్టుకొనే గరుకుకాగితం పరచి, రాతిమీద పెన్సిలుతో గళ్ళు గీసి, గీతలన్నీ చెరిగేవరకు రుద్దితే రాయి చదునవుతుంది. ఈ శ్రమకు ఓర్చుకొనేవానికి చవకరాయి చాలు. ఓర్చుకొననివానికి ఖరీదైన రాయి కూడా చాలదు.

ఒకవైపు 1000, మరొకవైపు 6000 ఉండే కింగ్ వంటి జపాను జంటరాయి ఒకటి, గాజుపలక ఒకటి, తోలుపట్టీ ఒకటి. ఆరంభానికి ఇంతే కావాలి. 6000 క్షురకత్తికి చాలదని, 12000 ఉండాలని వాదించేవారున్నారు. ఆ వాదంలో కొంత సత్యమున్నది. 6000 తరువాత గడ్డానికి కొంత కరకుగానే ఉంటుంది. కాని పచ్చని క్రోమియం ఆక్సైడు పూసిన తోలు గాని, గాజుమీద అంటించిన 1 మైక్రాను పొర గాని స్వల్ప వ్యయంతో ఆ లోటు పూరిస్తాయి. 1000 రాతిమీద రెండు పక్కలు వాదర పొడవునా కలియకపోతే మాత్రం ఎంత నునుపురాయి అయినా ఆ లోపాన్ని మెరిపిస్తుందే గాని మాన్పలేదు. అక్షరాభ్యాసం కానివానికి అలంకారశాస్త్రం చెప్పినట్లవుతుంది. వాదరను వెలుతురుకెదురుగా నిలిపి భూతద్దంతో చూడండి. ఎక్కడైనా తెల్లగా మెరిసిందంటే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నదని గుర్తు. మళ్ళీ 1000కే పోవాలి.

ఇక అంగట్లో కొడవళ్ళకు, ఉలులకు అమ్మే ముతక కార్బొరండం రాయి మాత్రం క్షురకత్తి దరికి రానీయకండి. కొందరి ఇండ్లలో తాతలనాటి కత్తులు ఇంకా పెట్టెల అడుగున ఉన్నాయి. రాయి తిన్న ఉక్కు తిరిగి రాదు. వెన్ను అరిగితే వాలే మారిపోతుంది. చవక రాయి కొనడం పొదుపే గాని, తెలియని రాతికి అటువంటి కత్తిని అప్పగించడం పొదుపు కాదు.

క్షురకుని పొదిలో ఒక చిన్న రాయి, ఒక తోలు ముక్క ఉండేవి. వాటితోనే ఊరందరి గడ్డాలూ నున్ననయ్యేవి. ఆ నేర్పును మన పండితులెవ్వరూ శాస్త్రమని గౌరవించలేదు. నేడు క్షౌరశాలల్లో మనిషికొక కొత్త బ్లేడు వాడుతున్నారు. రక్తంద్వారా సోకే వ్యాధుల దృష్ట్యా అది సరియైన పద్ధతే. మీరు కూడా మీ కత్తిని మరొకరికి ఈయకండి. కాని ఆ నేర్పుతోపాటు దాని మాటలు కూడా పోనీయరాదు. మీ ప్రాంతంలో ఈ రాతికి, ఆ తోలుకు ఏ పేర్లుండేవో తెలిసిన మిత్రులు, పెద్దలనడిగి అయినా సరే, వ్యాఖ్యలలో వ్రాయగలరు.